నలభై రెండో రోజు

(విజయవాడ ఆటోనగర్‌లో కార్మికుల కుటుంబాల కోసం కార్తీక మాసం ఆఖరి వారంలో జరిగిన సభలో ఒక మానసిక వైద్యుడి ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినపడుతోందా? ఆ కంప్రెసర్ ఎవరిదో గానీ ఒక్క గంట ఆపితే... ఆపారు. థాంక్స్ బాబూ.

ముందు వరసల్లో ఎర్ర బట్టల్లో చాలామంది భవానీలు కనిపిస్తున్నారు. నల్ల బట్టల స్వాములూ ఉన్నారు. మాలలో ఉన్నవాళ్లని కూర్చోబెట్టి మందు గురించి మాట్లాడిస్తున్నారేంటి అని మీకు అనిపించే ఉంటుంది. ఈ నెలలో పెట్టమని నేనే అడిగాను. సంక్రాంతి వెళ్లాక పెట్టుకుందాం అన్నారు కమిటీ వాళ్లు. వద్దన్నాను. ఎందుకంటే తాగుడు కేసులు నా దగ్గరికి ఏడాదిలో రెండుసార్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఒకటి, మాల వేసిన మొదటి వారం. రెండోది, ఇరుముడి సమర్పించి మాల తీశాక వచ్చే పదిహేను రోజులు. మధ్యలో లివరూ, గంజాయీ, అన్నీ వస్తాయి గానీ, నేను చెప్పదలుచుకున్నది ఈ రెండు రోజుల గురించే. మొదటి రోజు, నలభై రెండో రోజు.

కొన్నేళ్ల కిందటి సంగతి. లేత్ మీద పనిచేసే మనిషి. నలభై ఏళ్లుంటాయి. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. పదిహేనేళ్లుగా రోజూ తాగుతాడు. పొద్దున ఒక నైంటీ పడితే గానీ చెయ్యి నిలవదు. వెర్నియర్ పట్టుకుంటే గీత కనపడదు, అంత వణుకు. నైంటీ పడ్డాక మాత్రం మంచి పనిమంతుడు. ఓనరు కూడా అందుకే చూసీచూడనట్టు ఉండేవాడు.

భార్య మొక్కుకుంది, ఆయన ఒప్పుకున్నాడు. తెల్లారుజామున కృష్ణలో స్నానం చేసి మాల వేసుకున్నాడు. ముందు రోజు రాత్రి దాకా తాగుతూనే ఉన్నాడు, "రేపట్నుంచి ముట్టను కదా" అని ఇంకాస్త ఎక్కువే తాగాడు. ఆ సాయంత్రానికి వణుకు, చెమటలు. చన్నీళ్ల స్నానానికి చలి పట్టింది అనుకున్నారు. రెండో రోజు రాత్రంతా నిద్ర లేదు. మూడో రోజు పీఠం ముందు కూర్చుని ఒంటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకోవడం మొదలెట్టాడు. గోడ మీద ఎవరో నడుస్తున్నారన్నాడు. కాసేపటికి గాల్లో చేతులు తిప్పసాగాడు.

ఇంట్లోవాళ్లకి అమ్మవారు పూనింది అనిపించింది. ఒకావిడ హారతిచ్చింది. నిమ్మకాయలు దిష్టి తీశారు. ఒక పెద్దాయన ఎక్కడో అపచారం జరిగింది, మైల పడింది అన్నాడు. భార్య మాత్రం ఆ చేతుల వైపే చూస్తూ కూర్చుంది. ఎడం చేత్తో ఏదో బిగిస్తున్నాడు, కుడి చేత్తో ఒక పిడి పట్టుకుని నెమ్మదిగా తిప్పుతున్నాడు, మధ్యలో వంగి నోటితో ఊదుతున్నాడు. ఇనప రజను ఊదేసినట్టు. ఆవిడకి అర్థమైంది. ఆటో ఎక్కించి నా దగ్గరికి తెచ్చాక నాతో అన్న మొదటి మాట ఇది: "అమ్మవారు లేత్ తిప్పుతుందా అండీ?"

(నవ్వులు)

నవ్వొస్తుంది. కానీ ఆయన ఒళ్లు 103 జ్వరంతో కాలిపోతోంది. నాడి నిమిషానికి 140. తనెక్కడున్నాడో తెలియదు. చేసే పనినే గాల్లో చెయ్యడం ఈ జబ్బులో మేం చూసేదే. దర్జీ అయితే దారం ఎక్కిస్తాడు, డ్రైవరైతే గేరు మారుస్తాడు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు. వైద్యం లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్లలో ఆరేడుగురిలో ఒకరు చనిపోయేవాళ్లు. ఇప్పుడు వేళకి తెస్తే దాదాపు అందరూ బతుకుతారు. ఈయన నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు.

ఎందుకిలా అవుతుంది? మీకు చెప్పడం తేలిక. ఓవర్‌లోడ్ కొట్టే లారీకి కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తారు కదా? బరువు మీద ఉన్నంతసేపు బండి సాఫీగానే పోతుంది. లోడు దించేసి, అదే కమాన్లతో ఖాళీ బండి తోలితే? ప్రతి గుంతకీ ఎగిరిపడుతుంది. మందు మెదడు మీద బరువు. అది మెదడుని అణిచి ఉంచుతుంది, మత్తు అంటే అదే. ఏళ్ల తరబడి రోజూ అణుస్తుంటే మెదడు ఊరుకోదు, తనూ పట్టీలు వేసుకుంటుంది. ఉత్తేజం పెంచే రసాయనాల్ని ఎక్కువ చేసుకుంటుంది, శాంతపరిచేవాటికి స్పందించడం తగ్గించుకుంటుంది. ఒక పొద్దున ఉన్నట్టుండి బరువు దించేశారు. పట్టీలు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పుడు ఎగిరిపడుతుంది.

అది కూడా ఒక వరసలో జరుగుతుంది. ఆఖరి గ్లాసు దిగిన ఆరేడు గంటలకి చేతులు వణుకు, కడుపులో తిప్పు, గుండె దడ, టెన్షన్. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్. రెండు రోజులు దాటాక, నాలుగు రోజుల లోపు, ఇందాక చెప్పిన చీమలూ గోడ మీద మనుషులూ. అందుకే మూడో రోజు బాగా గుర్తుపెట్టుకోండి. మొదటి రోజు వణికి, మూడో రోజు తికమకగా మాట్లాడుతున్నాడంటే హారతి పళ్లెం పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

ఇందులో మేం ఇచ్చే వైద్యం పెద్ద బ్రహ్మవిద్య కాదు. లిబ్రియం అనే పాతకాలం మాత్ర, లేదా దాని తోటివి. లోడు ఒక్కసారి దించకుండా, ఇసక బస్తాలు ఒక్కొక్కటీ దించినట్టు, వారం పది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తాం. లివరు బాగా దెబ్బతింటే వేరే మాత్ర వాడతాం. ఈ మాత్రలకీ అలవాటు పడే గుణముంది, తాగుడుతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదముంది. కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని సొంతంగా వేసేది కాదు.

దీనికి తోడుగా బి1 విటమిన్, థయమిన్. దీని గురించి నా సంగతొకటి చెప్పాలి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, ఒక ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీలో, తాగి తాగి నాలుగు రోజులుగా అన్నం ముట్టని ఒకాయన్ని తెచ్చారు. నీరసం అన్నారు. అడగ్గానే గ్లూకోజ్ సెలైన్ పెట్టాను. నా చేత్తోనే సూది గుచ్చాను. బి1 ఇవ్వాలని పుస్తకంలో చదివాను, ఆ పూట తట్టలేదు. ఒంట్లో బి1 అడుగంటినవాడికి అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త బి1 ఆ గ్లూకోజ్‌ని అరిగించడానికే ఖర్చయిపోతుంది, మెదడులో కొన్ని భాగాలు దెబ్బతింటాయి. తెల్లారేసరికి ఆయన కళ్లు నిలవడం లేదు, నడిస్తే తూలుతున్నాడు. బతికాడు గానీ కొత్త సంగతేదీ బుర్రలో నిలిచేది కాదు. "భోంచేశారా?" అంటే "ఇప్పుడేగా, పులిహోర" అనేవాడు. పులిహోరా లేదు, ఏమీ లేదు. అబద్ధం కాదది, ఖాళీని మెదడు తనే పూడ్చుకుంటుంది. నా సెలైన్ వల్లే ఇదంతా అని ఎవరూ తేల్చలేరు, ముందునుంచే మొదలై ఉండొచ్చు. కానీ ఈ రోజుకీ నాకు పులిహోర అంటే ఆయనే గుర్తొస్తాడు. అందుకని, మీ వీధిలో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి "కాస్త గ్లూకోజ్ ఎక్కించండి" అని అడిగే ముందు, ఈయన రోజూ తాగుతాడండీ అని నోరు తెరిచి చెప్పండి. అది దాచొద్దు. బి1 ముందుపడాలి.

లాక్‌డౌన్ గుర్తుందా? 2020 మార్చిలో షాపులన్నీ ఒక్క రాత్రిలో మూతపడ్డాయి. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ ఒక్కసారిగా లోడు దించేసినట్టయింది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం బారులు తీరారు. అదే ఏడాది జూలై ఆఖర్లో మన పక్కనే, ప్రకాశం జిల్లా కురిచేడులో, షాపులు మూసి ఉన్నాయని శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. పేపర్లో చదివి "తాగుబోతులు, ఎంతకైనా తెగిస్తారు" అన్నారు జనం. ఆ చేతుల వణుకు ఏంటో తెలిసినవాడు ఆ మాట అనడు.

సరే, మాల వేసే ప్రతివాడికీ ఇలా అవుతుందా? కాదు. నెలకో రెండుసార్లు తాగేవాడు నిశ్చింతగా వేసుకోవచ్చు. ఎవరు జాగ్రత్త పడాలో తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలున్నాయి. ప్రపంచమంతా డాక్టర్లు అడిగేవే, మన మాటల్లో చెప్తాను. తగ్గించుకోవాలి అని మీకు మీకే ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తాగుడు మాటెత్తితే ఒళ్లు మండుతుందా? తాగినందుకు తప్పు చేశానని లోపల గుచ్చుకుంటుందా? పొద్దున్నే, పళ్లు తోముకోకముందే, చెయ్యి నిలవడానికో తల దిమ్ము పోవడానికో పడాల్సి వస్తోందా? రెండిటికి అవునంటే ఆలోచించాలి. నాలుగోదానికి అవునంటే మాత్రం, మాల వేసే వారం ముందు డాక్టర్ని కలిసి, మాత్రల మీద మెల్లగా దిగి, అప్పుడు వేసుకోండి. గురుస్వాములకి నా మనవి ఒకటే. మాల వేసేటప్పుడు గోత్రం అడుగుతారు కదా, పక్కకి పిలిచి ఈ నాలుగో ప్రశ్న కూడా అడగండి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూపిస్తాను. ఈ స్టీలు గ్లాసులో 180 మి.లీ. నీళ్లున్నాయి, ఇందాక సిరంజితో కొలిచే పోశాను. ఒక క్వార్టర్. విస్కీయో బ్రాందీయో అయితే సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే ఇందులో అసలు ఆల్కహాల్ 77 మి.లీ., తూకంలో సుమారు 60 గ్రాములు. మన లివరు గంటకి ఎనిమిది గ్రాముల దాకా కరిగిస్తుంది, కాస్త అటూ ఇటూ. నిమ్మకాయ నీళ్లు తాగినా, పెరుగన్నం తిన్నా, తల మీద బిందెడు నీళ్లు కుమ్మరించినా దాని వేగం మారదు. 60ని ఎనిమిదితో భాగించండి. ఏడున్నర గంటలు. రాత్రి పదకొండుకి క్వార్టర్ కొట్టి పడుకున్న డ్రైవరు తెల్లారి ఐదింటికి చెన్నై రోడ్డెక్కితే, ఒంట్లో ఇంకా కొంత తిరుగుతూనే ఉంటుంది. హాఫ్ కొట్టినవాడి సంగతి మీరే లెక్కేసుకోండి. "నేను నిద్రపోయి లేచాగా" అంటాడు. లివరు నిద్రలో ఓటీ చెయ్యదు.

ఇప్పుడు రెండో సంగతి. నా గదిలో భార్యలు నన్ను నిలదీసే ప్రశ్న ఇది. "డాక్టరుగారూ, మాలలో నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. అంటే మానగలడన్నమాటేగా? కావాలనే తాగుతున్నాడు. దీన్ని జబ్బంటారేంటి మీరు?"

చాలా న్యాయమైన ప్రశ్న. నేను చాలా ఏళ్లు దీనికి షుగరు పోలిక చెప్పి తప్పించుకునేవాణ్ని. దీక్షలో ఒంటిపూట భోజనం చేస్తే షుగరు తగ్గుతుంది, అంతమాత్రాన జబ్బు పోయినట్టా అని. ఆ పోలిక తప్పు కాదు. కానీ ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదు. ఆవిడ అడుగుతున్నది, అమ్మవారి కోసం మానినవాడు నా కోసం ఎందుకు మానడు అని.

ఆ లేత్ మనిషినే ఒకసారి అడిగాను, మాలలో నీకు ఎలా ఉండేదయ్యా అని. ఆయన చెప్పింది విన్నాక నా వైద్యమే కొంచెం మారింది. "మాలలో నన్ను ఎవరూ ఒరేయ్ అనరు సార్. భవానీ అంటారు. మా అత్తగారు కూడా కాళ్లకి దణ్ణం పెట్టింది" అన్నాడు. పదిహేనేళ్లుగా ఇంట్లో వాళ్లు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్న మనిషి. నాలుగింటికి లేపడానికి పక్కింటి భవానీ తలుపు కొడతాడు. వేడి వేడి భిక్ష ఇంట్లోనే. సాయంత్రం ఏడింటికి, సరిగ్గా వైన్ షాపు దగ్గర నిలబడే టైముకి, భజన. గ్లాసు ఫ్రెండ్స్ ఒక్కడూ పిలవడు. మాలలో ఉన్నవాడికి గ్లాసు చాపడానికి ఎంత తాగుబోతుకైనా చెయ్యి రాదు. శనివారం కూలి డబ్బులు దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికొస్తాయి. రోజూ నిద్ర లేచే వేళ, పడుకునే వేళ, కట్టే బట్ట, పిలిచే పిలుపు అన్నీ మారిపోయాయి. లక్షలు ఖర్చు పెట్టి కట్టిన డీ-అడిక్షన్ సెంటర్లు ఇవ్వాలని చూసేదీ ఇదే. మన వీధిలో పందిరి వేసి ఉచితంగా ఇస్తున్నారు.

నలభై ఒకటో రోజు కొండ మీద ఇరుముడి సమర్పిస్తాడు. నలభై రెండో రోజు ఏమవుతుంది? గడ్డం తీస్తాడు. ప్యాంటు వేస్తాడు. తలుపు కొట్టేవాడు లేడు. భజన లేదు. "భవానీ" అన్నవాళ్లే "ఒరేయ్" అంటారు. ఏడింటికి కాళ్లు ఎటు పోవాలో వాటికి తెలుసు. సెంటర్లో నలుగురు ఎదురొచ్చి, "మాల తీశావుగా, పార్టీ ఏదీ?" అంటారు. ఇదొక ఆచారమైపోయింది మనకి, మాల తీసిన పార్టీ. నలభై ఒక్క రోజుల కష్టాన్ని ఒక పూటలో ఊడ్చేసే ఆచారాన్ని ఎవడు కనిపెట్టాడో గానీ...

(నవ్వులు)

ఇక్కడ మెదడు సంగతి కూడా కొంచెం తెలియాలి. వణుకు పోవడానికి వారం చాలు. నిద్ర కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తాగాలనే లాగుడు మాత్రం చాలాకాలం ఉంటుంది. అది ఊరికే పుట్టదు, దేన్నో చూస్తే పుడుతుంది. ఆ సందు, ఆ సోడా చప్పుడు, పల్లీల పొట్లం, జీతం కవరు. మాలలో ఇవేవీ కంటపడవు కాబట్టి లాగుడు తెలియదు. "నాకు అసలు గుర్తే రాలేదు సార్, మానేసినట్టే" అంటారు. నిజంగానే గుర్తు రాలేదు. మళ్లీ తాగుడు మొదలయ్యేవాళ్లలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే మొదలెడతారు. దీక్ష ముగిసేసరికి మూడు నెలల్లో సగం కూడా కాలేదు. పైగా నలభై రోజులు ఆపాక ఒంటికి పాత ఓర్పు ఉండదు. పాత అలవాటు కొద్దీ హాఫ్ దించితే, ఇదివరకు తట్టుకున్న ఒళ్లు ఇప్పుడు తట్టుకోదు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయో, బండి మీంచి పడో పోయినవాళ్లని చూశాను.

అందుకని ఆవిడతో ఇప్పుడు నేను చెప్పేది ఇది. అమ్మా, మీ ఆయన మానగలడని మాల నిరూపించింది. మీరన్నది నిజమే. అయితే ఏమేం ఉంటే మానగలడో కూడా అదే చూపించింది. అందులో ఏవి నలభై రెండో రోజుకి మిగుల్చుకోవచ్చో కూర్చుని చూద్దాం.

ఆ లేత్ ఆయన విషయంలో మేం ఏడింటిని పట్టుకున్నాం. కూతురు తొమ్మిదో తరగతి. సాయంత్రం ఏడింటికి ట్యూషన్. ఆ పిల్లని సైకిల్ మీద దింపడం, ఎనిమిదిన్నర దాకా అక్కడే అరుగు మీద కూర్చోవడం, తీసుకురావడం ఆయన పని. అంతే. పిల్లకి మొదట సిగ్గేసింది, తాగి వస్తాడేమోనని. రెండు వారాల తర్వాత ఒకరోజు ఈయన రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ పిల్లే రోడ్డు మీదకొచ్చి చూస్తోందట. అది నాకు ఆయన మూడుసార్లు చెప్పాడు. కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. రెండో ఏడాది సంక్రాంతికి అత్తగారి ఊరెళ్లి, కోడిపందేల దగ్గర బావమరుదులతో కూర్చుని తాగాడు. వారం రోజులు తాగాడు. తేడా ఏంటంటే, ఎనిమిదో రోజు ఎవరూ లాక్కురాకుండా తనే వచ్చాడు. "సార్, మళ్లీ బస్తాలు దించాలి" అన్నాడు.

మళ్లీ తాగితే అంతా పోయిందని కాదు. బీపీ ఒకసారి పెరిగితే మాత్ర మారుస్తాం గానీ, "నీకెన్నిసార్లు చెప్పాలి" అని బయటికి గెంటం కదా.

మందులున్నాయి. నాల్‌ట్రెక్సోన్ అని ఒకటి, తాగినా ఆ కిక్కు అంతగా రాకుండా చేస్తుంది. ఎకాంప్రోసేట్ అని ఒకటి, ఆపేసినవాడికి ఆ లాగుడు తగ్గిస్తుంది, కిడ్నీలు బాగుండాలి. ఇవేవీ మాయలు చెయ్యవు, రోజూ వేసుకుంటే ఊతకర్రలా పనికొస్తాయి. మూడోది డైసల్ఫిరామ్. దీని దగ్గర ఆగాలి.

ఆటోల వెనకా, కరెంటు స్తంభాల మీదా చూసే ఉంటారు. "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును". కూరలో కలపండి, మజ్జిగలో కలపండి అని పొడి ఇస్తారు. అందులో ఏముందో చీటీ ఉండదు. చాలాసార్లు డైసల్ఫిరామ్ లాంటిదే ఉంటుందని మా అనుమానం, ఎందుకంటే మా దగ్గరికొచ్చేవాళ్ల లక్షణాలు అచ్చం అలాగే ఉంటాయి. లివరు ఆల్కహాల్‌ని రెండు మెట్లలో కరిగిస్తుంది. ఈ మాత్ర రెండో మెట్టుని మూసేస్తుంది. అప్పుడు మధ్యలో ఒక విషపదార్థం పేరుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉంటే ప్రాణం పోతుంది. తెలిసి వేసుకున్నవాడికి ఆ భయమే కాపలా. తెలియనివాడికి కాపలా ఎక్కడిది? వాడు మామూలుగా తాగుతాడు. మాత్ర మానేసినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. అమ్మా, మీ బాధ నాకు తెలుసు. ఏ దారీ లేకే ఆ పొడి కొంటారు. కానీ రేపు ఆయనకి ఏమన్నా అయితే మజ్జిగ గ్లాసు ఇచ్చింది మీరే అవుతారు. ఆ పొడి కాదు, డాక్టరు రాసిన డైసల్ఫిరామ్ మాత్రే చెప్పి ఇవ్వండి, ఆయన ఒప్పుకుని మీ చేత్తో రోజూ వేసుకుంటే అదే మంచి మందు.

లివరు గురించి త్వరగా చెప్పేస్తాను. మొదట కొవ్వు పడుతుంది. ఇది తిరిగి బాగయ్యే దశ. మానేసిన కొన్ని వారాల్లోనే కొవ్వు తగ్గుతుంది, అంటే ఒక మండల దీక్ష సరిపోతుంది చాలామందికి. తర్వాత వాపు, కామెర్లు. ఆఖరికి గట్టిపడిపోవడం, పొట్టలో నీరు, రక్తపు వాంతులు. గట్టిపడ్డ లివరు మళ్లీ మెత్తబడదు, కానీ ఆ దశలో మానినా బతికే రోజులు పెరుగుతాయి. "ఇంకెందుకులే" అనొద్దు. ఇంకొకటి, మందు కేన్సర్ కారకమని 1988లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం తేల్చింది. నోరు, గొంతు, ఆహారనాళం, ఆడవాళ్లలో రొమ్ము కూడా. సిగరెట్టో ఖైనీయో తోడైతే ప్రమాదం కూడిక కాదు, హెచ్చవేత. పొగాకు బోర్డు ఆఫీసు పక్కనే గుంటూరులో పెట్టుకున్న మనకి పొగాకు పంట లెక్క బాగా తెలుసు, ఈ లెక్క తెలియదు.

కుర్రాళ్ల సంగతి. గంజాయి "ఆకే కదా, ఏమవుతుంది" అంటున్నారు. మెదడు పూర్తిగా తయారవడానికి పాతికేళ్లు పడుతుంది. పదిహేను, పదహారేళ్లకి రోజూ పీల్చేవాడికి పిచ్చి భ్రమలు వచ్చే ప్రమాదం ఎక్కువ, ఇంట్లో అలాంటి జబ్బుంటే మరీ. మందుకైనా అంతే, ఎంత చిన్న వయసులో మొదలైతే అంత గట్టిగా పట్టుకుంటుంది. పెళ్లిళ్లలో "ఒక్క బీరే కదా, తాగనివ్వండి" అని పిల్లాడి చేతికిచ్చే మేనమామలు ఇక్కడ ఎవరైనా ఉంటే, కట్నం ఇంకో రూపంలో ఇవ్వండి.

(నవ్వులు)

మందు షాపులు మూసెయ్యాలి అని ఎవరో చీటీ పంపారు. నేను రాజకీయం మాట్లాడను. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్లు మొదలెట్టిన పోరాటంతో 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. అన్నీ చూశాం. షాపు దూరమైతే కొత్తగా మొదలెట్టేవాళ్లు తగ్గుతారు, అది నిజం. నేను ఆ ఆడవాళ్ల పక్షమే. కానీ పొద్దున్నే చెయ్యి వణికేవాడికి షాపు మూసేస్తే, పక్కనే ఆసుపత్రి తలుపు తెరవాలి. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే 2019లో వచ్చింది. మందు లేకుండా ఉండలేని దశలో ఉన్నవాళ్లు దేశంలో దాదాపు 2.9 కోట్లు. వాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. మిగతా 37 మంది ఇళ్లల్లో ఏం జరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు.

డబ్బుకి భయపడకండి. ఇక్కడైనా, గుంటూరైనా పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, ఓపీ ఉచితం. ఫోన్లో మాట్లాడాలంటే 14416, టెలీ మానస్, తెలుగులో పలుకుతారు. మత్తు మానడానికి ప్రత్యేకంగా 14446. ప్రైవేటు సెంటర్లలో చేర్చేముందు లోపలికి వెళ్లి చూడండి. డాక్టరు రోజూ వస్తాడా, మొదటి వారం మాత్రలిస్తారా అని అడగండి. గొలుసులు వేసి, కొట్టి మాన్పిస్తాం అనేచోట మనిషిని వదలొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసు వెయ్యడం నేరం. ఆ చట్టంలోనే మందు వల్ల వచ్చే మానసిక సమస్యల్ని జబ్బులుగా రాశారు.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరసలోంచి ఒక మహిళ: మా ఆయన నేను అసలు తాగుబోతునే కాదు, ఆసుపత్రికి రాను అంటాడండీ. ఏం చెయ్యాలి?)

తాగి ఉన్నప్పుడు వాదించకండి. పొద్దున పూట, ఒంట్లో బాగోని రోజున మాట్లాడండి. "తాగుడు మాను" అనకండి. "నిద్ర పట్టడం లేదుగా, కడుపులో మంటంటున్నావుగా, చూపించుకుందాం" అనండి. కడుపు మంటకి వస్తాడు. మిగతాది నేను చూసుకుంటా. ఆయన రాకపోయినా మీరు రండి. ఆయన బదులు ఓనరుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పడం, బాకీలు మీరు కట్టడం లాంటివి మెల్లగా ఎలా మానాలో మాట్లాడుకుందాం. కొడుతుంటే మాత్రం ఇది వైద్యం సంగతి కాదు, 181కి చెయ్యండి.

(ఒక యువకుడు: బీరు వేడి తగ్గిస్తుందంటారు, రాళ్లు కరిగిస్తుందంటారు...)

మన మే నెల ఎండకి కావాల్సింది మజ్జిగ. రాళ్లకి నీళ్లు. స్ట్రాంగ్ బీరు ఒక పెద్ద సీసాలో 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, క్వార్టర్‌లో మూడింట రెండొంతులు. తర్వాత?

(ముందు వరసలోంచి ఒక భవానీ లేచి: నాకు ఇంకా పదకొండు రోజులుంది సార్. ఇప్పుడు చెయ్యి వణకడం లేదు. మొదటి వారం మాత్రం నరకం చూశాను, చలిజొరం అనుకున్నా. నేను ఏం చెయ్యాలి?)

కూర్చోండి భవానీ. ముందు మీరు గట్టెక్కారు, అదృష్టం. వచ్చే ఏడాది వారం ముందు నా దగ్గరికి రండి. ఇప్పుడు చెప్పండి, విరమణకి కొండకి ఎవరితో వెళ్తున్నారు?

(షాపు కుర్రాళ్లతో సార్. టాటా ఏస్ మాట్లాడుకున్నాం.)

దిగేసరికి?

(సాయంత్రం అవుతుంది సార్. ఆరు, ఏడు.)

ఏడు. ఇంటావిడ వచ్చారా ఇవాళ? ఆవిడేనా? అమ్మా, ఆ రోజు మీరూ పిల్లలూ కూడా కొండకి వెళ్లండి. దర్శనం అయ్యాక టాటా ఏస్ ఎక్కకండి. కెనాల్ రోడ్డులోకి నడిచొచ్చి నలుగురూ సిటీ బస్సెక్కండి. ఇంట్లో ఏం వండుతారు?

(ఆయనకి గుత్తొంకాయ ఇష్టమండీ.)

అదే వండండి. మర్నాడు, నలభై రెండో రోజు, ఇద్దరూ రండి. ఓపీ తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. చీటీ మీద ఒకటో నంబరు మీకే రాయించి పెడతాను.